మూడు గిన్నెల బ్లాక్‌బెర్రీలు

“కళ్లు మూసుకో,” అన్నాడు లియోబార్డో తాత.

“రుచి చూడాల్సింది మీరు కదా తాతా!” అన్నాడు క్రిసాంతో.

“తోట నీదా, నాదా?”

క్రిసాంతో నోరు మూసుకుని, కళ్లు కూడా మూసుకున్నాడు. మళ్లీ నోరు తెరవాల్సి వచ్చింది. నాలుక మీద ఒక పండు పడింది. బల్ల మీద మూడు గిన్నెల నిండా బ్లాక్‌బెర్రీలున్నాయి. ఒకటి ముళ్ల రకం, ఒకటి నున్న రకం, ఒకటి పొడుగు రకం. ఇప్పుడు నములుతున్నది ఏదో అతనికి తెలియదు.

సాయంత్రం లోగా నర్సరీకి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ఎనిమిది వేల మొక్కలు. ఒకసారి నాటితే పదేళ్లు దానితోనే కాపురం. తండ్రి వేసిన చెరకును ఆరేళ్ల కిందట పీకించి, నర్సరీ హిలారియో మాట నమ్మి ఏదో రకం వేశాడు. కొమ్మ మీద కాటుకలా నిగనిగలాడిన పండు, పెట్టెలో రెండు రోజులుంటే చాలు, ఎర్ర మచ్చలు తేలేది. ప్యాకింగ్ షెడ్డు వాళ్లు పెట్టెలకు పెట్టెలే తిప్పి పంపారు. ఈసారి కూడా దెబ్బ తింటే తోట అమ్ముకుని పక్కవాళ్ల చేలో పళ్లు కోసే కూలికి పోవాల్సిందే. ఆ భయంతో వారం రోజులుగా క్రిసాంతోకి కంటి మీద కునుకు లేదు.

అందుకే పోయినేడు బుద్ధి తెచ్చుకుని మూడు రకాలూ ఇరవయ్యేసి మొక్కలు వేసి చూశాడు. వచ్చిన చిక్కల్లా మూడూ బాగా కాయడమే. మూడూ పెట్టెలో అయిదు రోజులు ఎర్రబడకుండా నిలిచాయి. కనీసం ఒకటైనా చచ్చి ఊరుకుంటే పుణ్యం ఉండేది!

“పొడుగుది వెయ్యవోయ్, పెట్టె ఇట్టే నిండిపోతుంది,” అన్నాడు హిలారియో.

“నున్నదే మంచిది, కోసేవాళ్ల చేతులు గీరుకుపోవు,” అన్నాడు షెడ్డు ఇంజనీరు.

“ముళ్లదే వెయ్, క్రిస్మస్‌కి ముందే కాపుకొస్తుంది. ముళ్లుంటే ఏం, నేను నీతో వేగట్లేదూ?” అంది భార్య ఒబ్దూలియా.

ఎవరి దగ్గర నిలబడితే వాళ్లదే నిజమనిపించేది. చివరికి తమ లోయలో రైతులందరూ చేసే పనే తనూ చేశాడు. పళ్లు పట్టుకుని లియోబార్డో తాత గడప తొక్కాడు. చక్కెర మిల్లులో ముప్పై ఏళ్లు పాకం రుచి చూసిన నాలుక అది. చెరకు పోయి బ్లాక్‌బెర్రీ వచ్చినా ఊరు ఆ నాలుకను వదల్లేదు. రెండేళ్ల కిందట ఊళ్లో మరో రైతు ఫిదెన్సియో ఇదే బల్ల దగ్గర కూర్చుని రకం తేల్చుకు వెళ్లాడు. ఇప్పుడు పళ్ల కోసం షెడ్డు వాళ్లే అతని ఇంటి చుట్టూ తిరుగుతున్నారు.

“ఎలా ఉంది?” అన్నాడు తాత.

“తీపీ పులుపూ సమపాళ్లలో ఉన్నాయి. ఎగుమతికి అనుకూలం.”

“అది ఇంజనీరు నాలుక. నీది ఎక్కడ పెట్టి వచ్చావ్?”

రెండో పండు పడింది. “ఇదీ బాగానే ఉంది,” అన్నాడు క్రిసాంతో.

“బాగానే అంటే? మీ మామగారి ఆరోగ్యం అడిగానా?”

“మా ఒబ్దూలియా అయితే దీన్ని...”

“ఒబ్దూలియాని పిలిచానా ఇక్కడికి?”

మూడోది తిన్నాక క్రిసాంతోకి ఏడుపొక్కటే తక్కువ. కళ్లు తెరిచేశాడు. “తెలియట్లేదు తాతా! మూడూ కలగాపులగం అయిపోయాయి. తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తాను?”

తాత మూడు గిన్నెల్లోంచీ ఒక్కో పండు తీసుకుని, అరకళ్లు మూసి, దవడ అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు నమిలాడు. క్రిసాంతో ఆ దవడనే చూశాడు. తాత మొహంలో ఏమీ కనిపించలేదు.

“సరే, కంగారు పడకు. తింటూ కూర్చో,” అని తాత కబుర్లలోకి దిగాడు. క్రిసాంతో తండ్రి కుర్రతనంలో మిల్లులో వేడి పాకం దొంగిలించి మూతి కాల్చుకున్న సంగతి, వారం రోజులు మాట రాక పెళ్లిచూపుల్లో మూగవాడనిపించుకున్న సంగతి చెప్పాడు. తాత భార్య సొలెదాద్ అవ్వ మొక్కజొన్న జావ తెచ్చి పెట్టింది. చెయ్యి తనకు తెలియకుండానే గిన్నెలోకి పోయి వస్తుంటే, క్రిసాంతో కడుపుబ్బ నవ్వాడు. వారం తర్వాత అదే మొదటి నవ్వు.

“నడిమి గిన్నె,” అన్నాడు తాత ఉన్నట్టుండి.

“ఏంటి తాతా?”

“నున్నది. అదే వెయ్.”

క్రిసాంతో బల్ల వైపు చూశాడు. పక్క గిన్నెలు రెండూ నిండుగానే ఉన్నాయి. నడిమి గిన్నెకు అడుగు కనిపిస్తోంది. తాతకి అంత నచ్చిందన్నమాట అనుకున్నాడు.

“గట్టిగానే చెబుతున్నారా?”

“ఈ బల్ల దగ్గర తేలిన మాట ఎప్పుడైనా తప్పిందటరా?”

గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఊదారంగు పట్టిన వేళ్లు ప్యాంటుకు తుడుచుకుని, అక్కడి నుంచే హిలారియోకి ఫోన్ చేశాడు. “నున్న రకం, ఎనిమిది వేలు. రాసేసుకో.”

“నిన్న పొడుగుది అన్నావు కదయ్యా!”

“లియోబార్డో తాత చెప్పాడు.”

“అలా చెప్పు మరి! రాసేసుకున్నా,” అన్నాడు హిలారియో.

సొలెదాద్ అవ్వ గేటు దాకా సాగనంపింది. క్రిసాంతో ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. “మొదటి కోతలో మొదటి పెట్టె తాతదే అవ్వా. ఆయన తృప్తిగా తినాలి.”

“నాకియ్యి నాయనా, నేను తింటాను,” అంది అవ్వ, వెనక్కి ఒకసారి చూసి గొంతు తగ్గించి. “ఆయనకి నాలుక మీద రుచి చచ్చిపోయి మూడేళ్లయింది.”