నిటారుగా నిలిచిన బొమ్మ

నవంబరు పద్నాలుగో తేదీ రాత్రి పటాన్‌చెరులోని మా అద్దాలు నూరే షెడ్డులో నేనూ, కెల్విన్ మాత్రమే ఉన్నాము. పాత పెట్టె కెమెరాలలో ఫోకస్ చూసుకునే గరుకు అద్దాన్ని అతడు నూరాడు. నేను ఆమోదిస్తేనే అతని కొలువు నిలుస్తుంది. ఆ అద్దాన్ని కెమెరాకు బిగించి గేటు వైపు తిప్పాను. అటువంటి అద్దంపై బొమ్మ తలకిందులుగా పడుతుంది. గేటూ, దీపమూ అలాగే పడ్డాయి. వాటి మధ్య ఒక మనిషి మాత్రం నిటారుగా నిలుచున్నాడు. గేటు దగ్గర ఎవరని అడిగాను.

"గేటుకాడ పిట్ట గూడ లేదు సార్," అన్నాడు కెల్విన్, కిటికీలోంచి చూసి. "జెర మంచిగ సూడుండ్రి, నా నౌకరి పోతది."

ఆ మనిషి మసకబారాడు. దగ్గరికి వచ్చినవాటికే లెన్సును ముందుకు జరపాలి. ఎవరో చూడాలనిపించి జరిపాను, తేటపడ్డాడు. మళ్లీ మసకబారాడు, మళ్లీ జరిపాను. ఇక జరపడానికి చోటు మిగలలేదు.

అద్దంలో దోషం లేదని రాసి, సంతకం చేసి, కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టాను.