వెనక్కి తీయమన్నాడు

నలభై ఏళ్లు లారీ తోలినవాణ్ణి. లైసెన్సు గడువు దాటిందని నాకే మళ్లీ పరీక్ష పెట్టారు. ఇందులో తప్పితే పాల వ్యాను పని పోతుంది.

ఎనిమిది అంకె చుట్టి చూపించాను. ఇనస్పెక్టరు బండి వెనక్కి తీయమన్నాడు. దిగి, వెనక చక్రాల దగ్గర వంగి చూసి, ఎక్కాను. గేరు వేయగానే పిల్లల బూట్ల కీచు చప్పుడు వినబడింది. మళ్లీ దిగాను. ఎవరూ లేరు.

“ఏం తాతా, అక్కడేమన్నా లంకెబిందెలున్నాయా? అద్దంలో చూసుకో చాలు. ఇంకోసారి దిగావంటే ఫెయిలే!”

ఎక్కి గేరు వేశాను. మళ్లీ అదే చప్పుడు. లైసెన్సు పోతే పోయిందని దిగాను.

ఆయన కాగితం మీద అడ్డగీత కొట్టాడు. “ఇలా దిగి చూడమని ఏ గురువు నేర్పాడయ్యా నీకు?”

“మా అమ్మాయి సార్. నా లారీ వెనకే ఆడుకునేది. రెండేళ్లకే నేర్పి పోయింది.”