ఎత్తిపోతల దారిలో ఏం వినపడింది

"హెల్మెట్ తీసి మాట్లాడు," అంది హుమేరా.

మాచర్ల నుంచి సాగర్ పోయే రోడ్డు మీద, ఎత్తిపోతల జలపాతం ఇంకాస్త దూరం ఉందనగా, స్కూటీ అడ్డం పెట్టి నిలబడి ఉందామె. హర్ష విసుగ్గా హెల్మెట్ తీశాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే నరసరావుపేట నుంచి స్నేహితుడు వెంకటేష్‌తో కలిసి ఈ కొండల్లోకి రావడం అతనికి అలవాటు. వారమంతా బ్యాంకులో తలొంచుకుని పనిచేసేవాడికి, ఇక్కడ యాక్సిలరేటర్ తిప్పితే కొండలు మారుమోగడమే పండగ. అందుకే కంపెనీ సైలెన్సర్ పీకించి, మోత ఎక్కువ చేసేది పెట్టించాడు.

"ఏందక్కా, రోడ్డు నీదా?"

"నాది కాదు. నీదీ కాదు. ముందు బండి ఆపు." పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించింది. హర్ష తాళం తిప్పాకే ఆ చెయ్యి తీసింది. "నువ్వొచ్చావంటే ఆ కొండమీద నెమళ్ళన్నీ లేచిపోతన్నయ్యి. మేకలు బెదిరి రోడ్డున పడతన్నయ్యి. ఆ సైలెన్సర్ మార్చు."

వెంకటేష్ అప్పటికే ఆమెను తప్పించుకుని అవతల ఆగి ఉన్నాడు. "ఒరేయ్, ఆమెతో ఏందిరా మాటలు, పోదాం పద," అని ఆమె వెనకనుంచి అరిచాడు. హారన్ మీద పెట్టిన వేలు తియ్యలేదు. ఆమె తల కూడా తిప్పలేదు.

ఆ మొండితనం చూసి హర్షకు ఒళ్ళు మండింది. "మార్చను," అనేసి పక్కనుంచి దూసుకుపోయాడు.

తర్వాతి ఆదివారం వానలో కూడా వచ్చి నిలబడింది. మళ్ళీ అదే మాట అడిగింది. హర్ష మళ్ళీ అదే జవాబు చెప్పాడు.

"మాచర్లలో కనుక్కున్నాన్రా," అన్నాడు వెంకటేష్ టీ తాగుతూ. "మెకానిక్ అబ్దుల్ జబ్బార్ కూతురంట. కొట్టు పక్కనే బట్టలు కుడతదంట. చానా మొండిదంట, పిలిచినా పలకదంట."

"నేనూ మొండోణ్ణే," అన్నాడు హర్ష.

ఆ పై వారం వెంకటేష్ రాలేదు. హర్ష ఒక్కడే వచ్చాడు. మలుపు తిరిగేసరికి ఆమె రోడ్డు మధ్యన స్కూటీ నెట్టుకుంటూ నడిచిపోతోంది. అతను హారన్ కొట్టాడు. రేజ్ చేశాడు. ఆమె ఒక్క అడుగు పక్కకు జరగలేదు. చివరి క్షణంలో బ్రేకు తొక్కితే బండి జారిపడి, గీసుకుంటూ ఆమె పక్కనుంచి ముందుకు పోయింది. అప్పుడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగిందామె.

పరుగున వచ్చి, అతను హెల్మెట్ తీసేలోపే చున్నీ చింపి గీరుకుపోయిన అతని మోచేతికి కట్టింది.

"హారన్ కొట్టాగా. జరిగితే ఏం పోయింది నీకు?"

ఆమె అతని మొహంలోకి చూసింది. "జరగాల్సింది నేను కాదు," అంది మెల్లగా.

జబ్బార్ కొట్టుకు బండి చేర్చాక చూస్తే సైలెన్సర్ సొట్టపోయి ఉంది.

"నాన్న కంపెనీది బిగిస్తాడు," అంది హుమేరా. "ఒక్కసారి అట్టా పోయి రా. నచ్చకపోతే నీది బాగుచేసి పెడతాడు. నేను మళ్ళా నీ దారికి అడ్డం రాను. కానీ ఏమేం వినపడ్డయ్యో అన్నీ గుర్తుపెట్టుకోని వచ్చి నాకు చెప్పాలి."

"పరీక్షా అక్కా?"

"అట్టనే అనుకో."

ఓడిపోకూడదన్న పంతంతోనే బయల్దేరాడు హర్ష. నచ్చలేదని చెప్పేద్దామని ముందే అనుకున్నాడు. మొదట ఆ నిశ్శబ్దంలో బండి చచ్చిపోయినట్టే అనిపించింది. ఊరు దాటాక మిరపచేలో కాయలు కోస్తున్న ఆడవాళ్ళ నవ్వులు వినపడ్డాయి. తెలియకుండానే వేగం తగ్గించాడు.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. హుమేరా మిషన్ ఆపి, స్టూలు వాకిట్లోకి లాగింది.

"ఇట్టా వెలుతుర్లో కూర్చో. నిదానంగా చెప్పు. ఒక్కటీ వదలొద్దు."

హర్ష చెప్పాడు. మిరపచేలో ఎవరో పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవడం, కాలవ గట్టు మీద మేకల మెళ్ళో గంటలు, పొదల్లో కౌజుపిట్టలు ఒకదాన్నొకటి పిలుచుకోవడం, గాలికి ఎండుగడ్డి గలగలమనడం. ఆమె రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తోంది. అతను తడబడిన చోటల్లా "మళ్ళా చెప్పు" అంది.

"మరి ఎత్తిపోతల? నీళ్ళ మోత ఎట్టా ఉంది?"

హర్ష ఆలోచించాడు. "ముందు ఎక్కడో లారీ ఎత్తు ఎక్కుతున్నట్టు అనిపించిందక్కా. దగ్గరికి పోయేకొద్దీ వందమంది కూర్చోని చేటల్తో బియ్యం చెరుగుతున్నట్టుంది. ఇన్నేళ్ళుగా వస్తన్నా, ఎప్పుడూ వినలా."

"అవును, చేటలే," అంది హుమేరా. కళ్ళు మూసుకుంది. చెంపల మీదికి నీళ్ళు జారాయి.

"పాత సైలెన్సర్ ఇంక నాకొద్దక్కా," అన్నాడు హర్ష.

ఆమె కళ్ళు మూసుకునే, చిన్నగా నవ్వుకుంటూ కూర్చుంది. హర్షకు ఇబ్బందిగా అనిపించి, లేచి జబ్బార్ దగ్గరికి వెళ్ళాడు.

"బాబాయ్, రోజూ ఆమె తిరిగే దారే గదా. ఆమెకు తెలియంది నేనేం చెప్పానని అంతగా అడిగి చెప్పించుకుంది?"

జబ్బార్ స్పానర్ కిందపెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుని, కూతురి వంక చూశాడు.

"దానికి చెవులు వినపడక రెండేళ్ళయింది బాబూ."