మూడో అంతస్తు చప్పుళ్ళు

ఇల్లు చూపించేటప్పుడు కిటికీలు తెరవకూడదని బ్రోకరుకి బాగా తెలుసు.

మూడో అంతస్తులో ఆ రెండు గదుల వాటా రెండు నెలలుగా ఖాళీ. గేటుకి బోర్డు కట్టారు: 'అద్దెకు ఇవ్వబడును. సంసారులకు మాత్రమే.' ఈ ఆదివారానికి ఎవరూ దిగకపోతే తాళంచెవి ఇంకో బ్రోకరుకి ఇచ్చేస్తానన్నాడు ఇంటాయన. ఇవాళే ఆదివారం.

కిటికీలంటే మూయొచ్చు. మామ్మగారి నోరు మూసేదెలా? ఎవరొచ్చినా సరే, ఎదురువాటా గుమ్మం ముందు ఆవిడ ప్రత్యక్షం.

ఇవాళ కొత్త జంట వచ్చింది.

"చూశారా సార్, ఎంత ప్రశాంతంగా..."

"ప్రశాంతమా!" మామ్మగారు అందుకున్నారు. "తెల్లారకుండానే కింద బేకరీవాడు రేకు ట్రేలు ధనధనా పడేస్తాడమ్మా. రొట్టెల వాసన దుప్పట్లో దూరి మరీ లేపుతుంది. ఏడింటికి మెకానిక్ ఈల. రోజూ అదే పాట, రోజూ ఒకే చోట తప్పుతాడు. పైవాటా ఆవిడ కుట్టుమిషను మధ్యాహ్నమైనా కునుకు తీయదు. సాయంత్రం మలుపులో బస్సు కీచుమంటే గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. ఇస్త్రీ బట్టల ఆవిరి, పెట్రోలు కంపు... ఒక్క క్షణం ఒంటరిగా ఉండనిస్తే ఒట్టు!"

కొత్త పెళ్ళికూతురు మొగుడి చొక్కా లాగింది. ఇద్దరూ గబగబా దిగిపోయారు.

బ్రోకరు మెట్ల మీద కూలబడ్డాడు.

"మామ్మగారూ, మీకు నేనేం ద్రోహం చేశానండీ? ఇది పదకొండో బేరం!"

"పన్నెండు. మొన్నటి గొడుగాయన్ని మర్చిపోయావు."

"అంత నరకమైతే మీరెందుకుంటున్నారు ఇక్కడ?"

మామ్మగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "అందరూ వెళ్ళిపోయాక, చప్పుడు లేని ఇంట్లో నాలుగు రోజులుండి చూడు, తెలుస్తుంది."

అప్పుడే ఎదురువాటా తలుపు తెరుచుకుంది. బనీనులో ఉన్న ఒకాయన తల బయటపెట్టాడు.

"ఏమయ్యా బ్రోకరూ, రోజూ ఈవిణ్ణి తీసుకొచ్చి మా గుమ్మంలో నిలబెడతావెందుకు?"

బ్రోకరు గబుక్కున లేచి మామ్మగారి వైపు తిరిగాడు.

మామ్మగారు గొంతు తగ్గించారు. "ఇంక ఎవరూ వచ్చేలా లేరుగానీ, ఆ బోర్డు మీద 'సంసారులకు మాత్రమే' అన్న ముక్క చెరిపేయించి తాళంచెవి నాకిప్పించు నాయనా, నా పెట్టె కింద బేకరీలోనే పెట్టొచ్చాను."