చదవకుండా నొక్కే మనిషి

మా ఆయనా నేనూ ప్రోగ్రాములు రాసి బతికేవాళ్లమే. ఆయనకో జబ్బుంది. కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో ఏది ఇన్‌స్టాల్ చేస్తున్నా, అదేం అడుగుతోందో చదవకుండా సరేనన్నట్టు ‘వై’ నొక్కేస్తారు.

నాకు కావలసిందీ అదే. అత్తయ్య కుట్టుమిషను పాడుచేసిందెవరో ఇంట్లో ఇంకా తేలలేదు మరి. పొద్దున్నే కూర్చుని ఓ చిన్న టూలు రాశాను.

"ఫొటోలన్నీ సర్దిపెడుతుందండీ. కోడ్ పంపించాను, మీ కంప్యూటర్లో బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేసుకోండి."

"అలాగే" అన్నారు, పాపం.

సాయంత్రం ఆయన కమాండ్ కొట్టగానే తెర మీద లైన్లు బిలబిలా పరుగెత్తాయి. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

‘ఫొటోలకు ఫోల్డర్ తయారుచేయమంటారా?’ వై.

‘పాతవి కూడా సర్దమంటారా?’ వై.

‘కుట్టుమిషను పాడుచేసింది మీరేనని మీ అమ్మకి మెసేజ్ పంపమంటారా?’

వై!

నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను. పక్కగదిలో అత్తయ్య ఫోను టింగుమంది.

"ఏమే అమ్మాయీ! నా మిషను పాడుచేసింది నువ్వా?"

గిరుక్కున వెనక్కి తిరిగాను. మా ఆయన తెర మీంచి కళ్లు తిప్పనేలేదు.

"ప్రశ్నలైతే చదవను గానీ, బిల్డ్ చేసేముందు కోడ్ మొత్తం చదువుతాను. మెసేజ్‌లో పాడుచేసినవాళ్ల పేరు తప్పు రాశావు. సరిచేశాను."