డ్రైవర్ ఎక్కడ కూర్చుంటాడు?

"నాన్నా, ఈ బండికి డ్రైవర్ ఎక్కడ కూర్చుంటాడు?"

ముషేరిబ్ స్టేషన్‌లో మెట్రో ఎక్కిన దగ్గర్నుంచి అక్షర అడగడం ఇది నాలుగోసారి.

కృష్ణప్రసాద్ సైటు ఇంజనీరు. గల్ఫ్‌లో శుక్రవారం సెలవే గానీ ఆ సంగతి ఆయన ఫోనుకి తెలియదు.

"యల్లా, త్వరగా కానివ్వండి! రేపు పొద్దున్నకల్లా ఆ స్టీలంతా పైకెక్కాలి!" అని ఎవరినో కేకలేసి, అప్పుడు కూతురి వైపు తిరిగాడు.

అక్షర చేతిలో ఒక ఫొటో ఉంది. జపాన్‌లో ఒడాక్యూ అనే ప్రైవేటు రైల్వే నడిపే ఎర్రటి లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్. ముందంతా పెద్ద అద్దం. అద్దం వెనకే ప్రయాణికుల సీట్లు. డ్రైవర్ మాత్రం ఎక్కడా కనబడడు.

ఆ బండి పేరు రొమాన్స్‌కార్. పేరు విన్నరోజు వాళ్ళమ్మ ప్రతిమ నెత్తి కొట్టుకుంది.

"ఆరో క్లాసు పిల్లకి రొమాన్స్ కారేంటే! ప్రపంచంలో ఇంకో రైలే దొరకలేదా నీకు?"

దొరకలేదు. అక్షర పట్టుబట్టిందంటే ఇక అంతే.

ఆదివారం స్కూల్లో ఎగ్జిబిషన్. పోయినేడు నాన్న చెప్పింది చెప్పినట్టు చార్టు మీద రాసింది. అది తప్పని తేలి అందరూ నవ్వితే బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చింది. ఈసారి ఒక్క తప్పు కూడా ఉండకూడదని ఒట్టు పెట్టుకుంది. నెలరోజులుగా అట్టముక్కలు కోసి, అతికించి బండంతా తయారుచేసింది. డ్రైవర్ ఒక్కడే మిగిలాడు.

"డ్రైవర్ లేడు తల్లీ. ఇప్పుడు మనం ఎక్కిన మెట్రోకి ఉన్నాడా? అదీ అంతే. డ్రైవర్ లేని బండి అని రాసెయ్."

"ఉంటడు బిడ్డా."

పక్కన నిలబడ్డ మనిషి అన్నాడు. యాభై దాటి ఉంటాయి. కాళ్ళ దగ్గర తాడుతో కట్టిన అట్టపెట్టె ఉంది. ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నట్టున్నాడు.

"ఎక్కడ అంకుల్?"

"అద్దం దాక సీట్లు ఏసిన్రంటే, నడిపెటోణ్ని మీదికి ఎక్కించిన్రన్నట్టు. గిదిగో, కప్పు మీద చిన్న అద్దం కనబడ్తలేదా? ఆడ ఉంటడు."

"మరి పైకి ఎలా ఎక్కుతాడు?"

"లోపట నిచ్చెన ఉంటది. ఎక్కినంక దాన్ని మడుస్తరు. ఇగ డ్యూటీ అయినంకనే దిగుడు." ఒక క్షణం ఆలోచించాడు. "ఆయిన పక్కపొంటి నీళ్ళ సీసకు జాగ పెట్టు బిడ్డా. ఊకూకె దిగరాదు గద."

అక్షర కిలకిలా నవ్వి, ఫొటో వెనకాల అంతా రాసుకుంది.

కృష్ణప్రసాద్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"ఏం బాబూ, జపాన్‌లో రైళ్ళు నడిపావా?"

"లేదు సార్. రైళ్ళ సంగతి నాకేం ఎరుక."

"తెలియనప్పుడు ఎందుకయ్యా చెప్పడం? పిల్ల దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. రేపు తప్పయితే నువ్వొచ్చి ఓదారుస్తావా?"

ఆ మనిషి నవ్వాడు. కోపం లేని నవ్వు.

"మీరెట్లంటే అట్లనే సార్."

తండ్రీకూతుళ్ళు దిగాల్సిన ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్ వచ్చింది; విమానాలెక్కే ఎయిర్‌పోర్టు ఇంకా ముందుంది. ఆయన కరచాలనానికి చెయ్యి చాపాడు. కృష్ణప్రసాద్ చూడనట్టే కూతుర్ని లాక్కుని దిగిపోయాడు.

ఇంటికి రాగానే అక్షర వీడియోలు గాలించడం మొదలుపెట్టింది. అన్నం తినమంటే తినదు. పదకొండో వీడియోలో దొరికాడు! యూనిఫాం వేసుకున్న మనిషి, లోపలి కప్పులోంచి దిగిన నిచ్చెన మీదుగా పైకి ఎక్కుతున్నాడు.

"నాన్నా, చూడు!"

కృష్ణప్రసాద్ చూశాడు. వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.

"ఇప్పుడు కప్పంతా పీకాలేమో కదే, టైం ఎక్కడుంది?" అంది ప్రతిమ.

"పీకుతాను."

పీకింది. శనివారమంతా కూర్చుని మళ్ళీ కట్టింది. వేలు తెగితే ప్లాస్టర్ చుట్టుకుని మరీ కట్టింది.

ఆదివారం మధ్యాహ్నం సైటులో ఉండగా ఫోనొచ్చింది.

"నాన్నా, ఫస్ట్! జడ్జి మేడమ్ బండి కప్పు తీసి చూశారు. నిచ్చెన చూసి మెచ్చుకున్నారు. నీళ్ళ సీసా చూసి ఎంత నవ్వారో! ఆ అంకుల్‌కి చెప్పాలి నాన్నా. ఎలాగైనా వెతుకు."

కృష్ణప్రసాద్‌కి సిగ్గేసింది. సాయం చేసిన మనిషిని కసిరాడు. చాపిన చెయ్యి అందుకోలేదు. ఎన్ని లేబర్ క్యాంపులు తిరిగైనా సరే, ఆయన ఎవరో కనుక్కుని తీరాలనుకున్నాడు.

ముందుగా తన ఫోర్‌మన్ నగేష్‌నే అడిగాడు. నగేష్‌ది జగిత్యాల వైపు.

"మీ తెలంగాణ మనిషే నగేష్. యాభై దాటినాయన. శుక్రవారం పెట్టె పట్టుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్తూ మెట్రోలో కనబడ్డాడు."

నగేష్ వింతగా చూశాడు.

"ఆయినెవరో మీకు తెల్వదా సార్? ఇగ తిరిగి రాకుంట ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పోయిండు. విమానం ఎక్కేముంగట నాకు ఫోన్ చేసిండు. 'మెట్రోల సార్‌ను గొంతు ఇని గుర్తువట్టిన, ఆరేండ్లల్ల దగ్గరికెల్లి సూసుడు ఇదే ఫస్టు, బిడ్డ మస్తు హుషారున్నది' అన్నడు."

"నన్నా? నేనెప్పుడూ ఆయన్ని చూడలేదే!"

"ఎట్ల చూస్తరు సార్? మీరు రాకముందే మీదికి ఎక్కెటోడు, మీరు పోయినంక దిగెటోడు."

కృష్ణప్రసాద్‌కి ఇంకా అర్థం కాలేదు.

"మొన్న మార్చిల దుమ్ము లేసి ఏం కనబడకపాయె సూడుండ్రి, అప్పుడు మీ నెత్తిమీద ఏలాడుతున్న ఇనుప దూలాన్ని పావుగంట సేపు ఇంచు కదలనియ్యలే, ఆరేండ్ల సంది రోజు వాకీటాకీల మీరు 'క్రేన్ ఫోర్' అని పిలిచెటోళ్ళు గదా, గా జలాలుద్దీనే సార్ ఆయిన."