తొడిమల సీజను

ఆ రోజుల్లో ఎవరి నిరుద్యోగం ఏ రకమో ఫోనే చెప్పేసేది. బళ్లన్నీ వాటంతటవే నడుస్తున్నాయి కాబట్టి గుంటూరు డ్రైవర్లంతా శాశ్వత నిరుద్యోగులు. మిరపకాయలకి తొడిమలు తీసే దీనమ్మ మాత్రం సీజను నిరుద్యోగి. అంటే, సీజను రాగానే పిలుస్తారని. తొడిమలు తీసే మిషను దిగి మూడేళ్లయినా ఆ మాటే ఆమెకి కొండంత అండ. డ్రైవరు పెళ్లాం సంపూర్ణ ముందు కాస్త గొప్పలు కూడా పోయేది.

మాఘమాసంలో ఫోను పలికింది. "దీనమ్మగారూ, రేపు పొద్దున్నే కోల్డ్ స్టోరేజీకి రండి."

చేతులు మండకుండా మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టించి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పీట చంకన పెట్టుకుని దీనమ్మ బయల్దేరింది. పాత కూలీలంతా అలాగే వచ్చారు.

తొడిమల మిషనే గేటు దాకా ఎదురొచ్చింది. "కాయలు గుట్టలుగా పడున్నాయమ్మా, కొనే నాథుడు లేడు. మీకైతే సగం ధరకే ఇస్తాం. ఎన్ని బస్తాలు కావాలి?"

"కొనమని పిలిచావా?"

"అవునమ్మా. ఇదివరకు ఎక్కువ కొనేది కూలోళ్ల ఇళ్లేనట. ఎందుకు మానేశారు?"

"నువ్వొచ్చావుగా నాయనా," అంది దీనమ్మ, కోపమేం లేకుండా.

మిషను లెక్క కట్టుకుంది. "అయితే కాయలు కొనేవాళ్లే లేరు కాబట్టి రేపట్నుంచి నన్నూ ఆపేస్తారు. మరి నేను ఏ రకం?"

"సీజను అని చెప్పుకో. ధైర్యంగా ఉంటుంది."

చేతులకున్న నూనె దండగెందుకని తలకి రాసుకుని, దీనమ్మ పీట తీసుకుని ఇంటిదారి పట్టింది.